డీజిల్ క్యారవాన్ స్టార్టింగ్ ట్రబుల్ – 3వ పాఠం: ఇంజన్ గాలి తాగుతుంటే

పోయిన రెండు పాఠాల్లో బ్యాటరీని, సెల్ఫ్ మోటారును చూశాం. రాత్రంతా ఆగిన బండిలో బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండి, సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి దిగకుండా, ఇంజన్ చురుగ్గా తిరుగుతుంటే ఆ రెండింటి జోలికి ఇక పోవద్దు. మీటరు పెట్టి చూడనివాళ్లు ముందు ఆ పని చేసి రండి. నీరసంగా తిరిగే ఇంజన్‌కు ఈ పాఠం పనికిరాదు.

ఈసారి సంగతి వేరు. సెల్ఫ్ బాగా తిరుగుతుంది, ఇంజన్ మాత్రం అందుకోదు. ఒకరోజు తాళం తిప్పగానే స్టార్ట్ అవుతుంది, మరుసటి రోజు ఎంత కొట్టినా కాదు. గ్యారేజీకి తీసుకెళ్లిన రోజు మాత్రం ఏ పేచీ పెట్టదు. మనల్ని ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇలాంటి ట్రబులే.

మాది మెకానికల్ పంపు (కంప్యూటరు లేకుండా ఇంజన్ బలంతోనే డీజిల్ తోసే పంపు) ఉన్న పాత డీజిల్ వ్యాన్. అమ్మానాన్నలను నాలుగు ఊళ్లు తిప్పాలని తిరుపతిలోనే దాన్ని క్యారవాన్‌గా మార్పించాను. మంచం, చిన్న వంటగట్టు, ఫ్రిజ్, వాటికి కరెంటు కోసం వెనకవైపు ఒక చిన్న డీజిల్ జనరేటర్. మొదటి ప్రయాణం హార్స్‌లీ హిల్స్‌కు. 4,000 అడుగుల పైన, చల్లటి గాలిలో, ముందుభాగం ఎత్తుకు ఉండేలా ఏటవాలులో బండి ఆపి పడుకున్నాం. పొద్దున స్టార్ట్ కాలేదు. బ్యాటరీ దిగిపోయేదాకా సెల్ఫ్ కొట్టాను. నాన్నకు షుగర్ మందు టైం దాటిపోతోంది, కిందికి దిగితే గానీ మదనపల్లె రాదు. పక్కన లారీ కడుగుతున్న డ్రైవరన్న వచ్చి, డీజిల్ ఫిల్టర్ మీదున్న హ్యాండ్ పంపు 30, 40 సార్లు నొక్కి, తన బ్యాటరీ నుంచి వైర్లు కలిపాడు. వెంటనే స్టార్ట్ అయింది. "గాలి తాగుతా ఉంది సామీ, ఎక్కడో చూపించు" అన్నాడు. నేను ఆ మాట చెవిన పెట్టలేదు. చలికి అలా అయిందనుకుని కొత్త బ్యాటరీ వేయించాను, సెల్ఫ్ విప్పించి రిపేరు చేయించాను. వారం తిరక్కుండా తిరుపతిలో, మా ఇంటి ముందే మళ్లీ మొరాయించింది. అక్కడ చలీ లేదు, కొండా లేదు.

మన జిల్లాల్లో బావి మోటారు చూడనివాళ్లు తక్కువ కాబట్టి ఈ గాలి సంగతి తొందరగా అర్థమవుతుంది. ఫుట్ వాల్వ్ లీకైతే పైపులో నీళ్లు బావిలోకి దిగిపోతాయి. పొద్దున మోటారు వేస్తే తిరుగుతుంది గానీ నీళ్లు ఎత్తదు. పైపులోకి బిందెతో నీళ్లు పోసి గాలి వెళ్లగొట్టాలి. డీజిల్ బండిలో కూడా ఇదే జరుగుతుంది. చాలా వ్యాన్లలో ట్యాంకు కింద ఉంటుంది, ఫిల్టరూ పంపూ పైన ఉంటాయి. మధ్యలో ఎక్కడైనా సన్న సందు ఉంటే రాత్రంతా గాలి లోపలికి దూరి, డీజిల్ వెనక్కి జారిపోతుంది. మా బండి కొండమీద ముందుభాగం ఎత్తుగా ఉండటంతో ట్యాంకు ఇంకా కిందికి పోయి డీజిల్ మరింత సులువుగా జారింది.

కాస్త గాలికే ఇంజన్ ఆగిపోతుందా అని అడగొచ్చు. డీజిల్ ఇంజన్‌లో నిప్పురవ్వ ఉండదు. సిలిండర్‌లో గాలిని గట్టిగా నొక్కితే అది కాగుతుంది, ఆ వేడికి డీజిల్ అంటుకుంటుంది. ఆ డీజిల్‌ను చిమ్మే ఇంజెక్టర్ తెరుచుకోవాలంటే పాత బండ్లలోనే 100 బార్లకు పైగా, అంటే మామూలు గాలి ఒత్తిడికి దాదాపు వంద రెట్లకు పైగా ఒత్తిడి కావాలి. ద్రవం అణగదు కాబట్టి పంపు తోసిన తోపు నేరుగా ఇంజెక్టర్‌కు చేరుతుంది. పైపులో గాలి ఉంటే తోపంతా ఆ గాలిని అణచడానికే సరిపోతుంది, ఇంజెక్టర్ కదలదు.

ఇప్పుడు బండి దగ్గరికి రండి. ఇంట్లో ఒకరిని సెల్ఫ్ కొట్టమని మీరు సైలెన్సర్ వెనక, ఓ పక్కగా నిలబడండి. 10 సెకన్లు కొట్టి, నిమిషం ఆగి మళ్లీ కొట్టాలి. లేదంటే సెల్ఫ్ కాలిపోతుంది. పొగే రాకపోతే సిలిండర్‌లోకి డీజిల్ చేరడం లేదు. తెల్ల పొగ వస్తుంటే డీజిల్ చేరుతోంది గానీ మండటం లేదు. ఈ పాఠం పొగ రానివాళ్లకు.

ముందు ఒక చిన్న సంగతి తేల్చుకోండి. మెకానికల్ పంపు మీద స్టాప్ సోలెనాయిడ్ (తాళంతో డీజిల్ దారిని తెరిచి మూసే కరెంటు వాల్వ్) ఉంటే, తాళం ఆన్ చేయగానే అది టక్‌మనాలి. అనకపోతే దాని వైరుకు 12 వోల్టులు వస్తున్నాయా చూడండి. చాలాసార్లు వైరు కొస వదులై ఉంటుంది.

టక్‌మంటే ఇక గాలి సంగతి చూడాలి. రాత్రి బండి ఆపేముందు హ్యాండ్ పంపు నొక్కి అది గట్టిపడటం గమనించండి. పొద్దున సెల్ఫ్ కొట్టకముందే మళ్లీ నొక్కండి. రెండు మూడు నొక్కులకే గట్టిపడితే డీజిల్ నిలిచే ఉంది. 20, 30 నొక్కులదాకా మెత్తగానే ఉండి, ఆ తర్వాత గట్టిపడి, బండి వెంటనే స్టార్ట్ అయితే డీజిల్ రాత్రి జారిపోయినట్టే.

సందు ఎక్కడుందో కనిపెట్టడమే అసలు పని, ఓపిక కావాల్సింది ఇక్కడే. డీజిల్ కారిన తడి కోసం వెతికితే దొరకకపోవచ్చు. పీల్చే వైపు సందులోంచి గాలి లోపలికి పోతుంది, డీజిల్ బయటికి రాదు. అందుకే నేను మొత్తం లైనును రెండు ముక్కలు చేసి చూస్తాను. ట్యాంకు నుంచి ఫిల్టర్‌కు వచ్చే పైపును ఫిల్టర్ దగ్గర విప్పి, దాని మూతి మూసేయండి. శుభ్రమైన డీజిల్ క్యాన్‌లోంచి వేరే పైపును ఫిల్టర్‌కు కలపండి. క్యాన్‌ను ముందు చక్రం పక్కన నేలమీదే పెట్టాలి. ఎత్తులో పెడితే డీజిల్ తనంతట తానే కిందికి పారి సందును కప్పేస్తుంది, మీకు తప్పుడు జవాబు వస్తుంది. గాలి తీసి, ఇంజన్ ఒకసారి నడిపి, రాత్రంతా అలాగే వదిలేయండి. పొద్దున మామూలుగా స్టార్ట్ అయితే సందు ట్యాంకుకూ ఫిల్టర్‌కూ మధ్యలో ఉంది. అప్పుడూ మొండికేస్తే ఫిల్టర్ నుంచి పంపు దాకా ఎక్కడో ఉంది.

ఫిల్టర్ వైపైతే ముందుగా ఫిల్టర్ రబ్బరు రింగు చూడండి. పాత రింగు అతుక్కుపోయి ఉండగానే కొత్తది దానిమీద బిగించేస్తుంటారు. తర్వాత బోల్టుల కింది రాగి వాషర్లు, నీళ్లు వదిలే కింది కుళాయి, హ్యాండ్ పంపు కూడా చూడాలి. ట్యాంకు వైపైతే రబ్బరు పైపుల కొసలు క్లిప్పుల కింద పగిలాయేమో చూడండి. ఎండకు అవి ఎండి బీటలువారతాయి.

క్యారవాన్ అయితే దీనికి తోడు ఇంకొకటి చూడాలి. మా బండి రోగం అక్కడే దొరికింది. క్యారవాన్ కట్టినవాళ్లు జనరేటర్‌కు డీజిల్ కోసం ఇంజన్ పీల్చే పైపుకే టీ జాయింట్ వేశారు. జనరేటర్ ఆగి ఉన్నప్పుడు దాని పైపు సందుల్లోంచి గాలి దూరి ఇంజన్ లైనులోకి వచ్చేది. టీ తీయించి, జనరేటర్‌కు ట్యాంకులోంచి వేరే పైపు వేయించాను. ఆ తర్వాత ట్రబుల్ మళ్లీ రాలేదు. మీ బండిలో అలాంటి టీ ఉంటే మిగతావి చూసేముందు దాన్ని తీయించండి.

సందు మూశాక గాలి తీయడం తేలిక. ఫిల్టర్ మీది బ్లీడ్ స్క్రూ కాస్త వదులు చేసి, బుడగలు పోయి డీజిల్ ధారగా వచ్చేదాకా హ్యాండ్ పంపు నొక్కి, నొక్కుతూనే బిగించండి.

కామన్ రైల్ బండ్లలో (అన్ని ఇంజెక్టర్లకూ ఒకే ఉమ్మడి గొట్టం నుంచి డీజిల్ అందే కొత్త తరం బండ్లలో) ఇంజెక్టర్ పైపులను మాత్రం ఎప్పుడూ వదులు చేయకండి. అక్కడ ఒత్తిడి 1,000 బార్లు దాటుతుంది, చిమ్మిన డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. అలాంటి దెబ్బ సూదిమొన అంతే కనిపించినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. ఇంకొకటి, ఎయిర్ ఫిల్టర్ దగ్గర పెట్రోలు గుడ్డ పెట్టడం, స్టార్టింగ్ స్ప్రే కొట్టడం కూడా వద్దు. స్టార్ట్ చేసేముందు సిలిండర్‌ను వేడిచేసే హీటర్ ప్లగ్గులున్న ఇంజన్‌లో ఆ ఆవిరి వేళకాని వేళ పేలి పిస్టన్లు పగలగొట్టగలదు. ఎవరైనా సాయానికొచ్చి ఆ పని చేయబోతే మర్యాదగా వద్దనండి.

తిరుమల ఘాట్ ఎక్కేవాళ్లకు ఒక మాట. ట్యాంకులో పావువంతు కంటే తక్కువ డీజిల్‌తో ఎక్కితే, ఎత్తులో, మలుపుల్లో డీజిల్ ఒక పక్కకు పోయి పైపు గాలి పీల్చవచ్చు. అలా ఆగితే పైపుల్లో సందులు వెతకనవసరం లేదు. డీజిల్ పోసి గాలి తీస్తే చాలు.

ఈ వారం అభ్యాసం మూడు రాత్రులు. ఒక రాత్రి బండి ముందుభాగం ఎత్తుకు, ఒక రాత్రి పల్లానికి, ఒక రాత్రి చదునుగా ఆపండి. ప్రతి పొద్దున హ్యాండ్ పంపు ఎన్ని నొక్కులకు గట్టిపడిందో, ట్యాంకులో డీజిల్ ఎంతుందో, ఎన్ని సెకన్లకు స్టార్ట్ అయిందో నోటు పుస్తకంలో రాయండి. తెల్ల పొగ వచ్చినవాళ్లు అప్పుడే హీటర్ ప్లగ్గులు విప్పకండి. బిగుసుకున్న ప్లగ్గును బలంగా తిప్పితే హెడ్‌లోనే విరిగిపోతుంది. వాటిని విప్పకుండానే పరీక్షించడం 4వ పాఠంలో చూద్దాం.