అసీల్ జాతి కోడిని పెరట్లో కలగాపులగం కాకుండా నిలుపుకోవడం

కోస్తా జిల్లాల్లో జాతికోడిగా పేరుపడిన అసీల్‌ను డేగ, కాకి, నెమలి, సేతువ అంటూ రంగును బట్టి గుర్తిస్తారు గాని, రంగు ఒక్కటే చూసి పక్షిని కొనడం పొరపాటు. నిటారైన నిలకడ, పొడవైన మెడ, ఒంటికి బిగిసిన ఈకలు, కిందికి వాలిన పొట్టి తోక, మూడు వరుసల చిన్న బుడిపెలతో తలకు అంటుకున్న తురాయి చూడాలి. ఎదిగిన పుంజు 4–5 కిలోలు, పెట్ట 3–4 కిలోలు తూగుతాయి. వీలైతే తల్లినీ తండ్రినీ కూడా చూసిన తరువాతే బేరం ఆడాలి.

మందను కూర్చేటప్పుడు పెట్టల కంటే పుంజుల సంఖ్యే ముఖ్యం. పుంజుల సంఖ్యను పెట్టల సంఖ్యతో హెచ్చించి, వచ్చినదాన్ని నాలుగింతలు చేసి, మొత్తం పక్షుల సంఖ్యతో భాగిస్తే మంద అసలు బలం, అంటే వంశ వైవిధ్యాన్ని నిలపడంలో అది ఎన్ని పక్షులకు సమానమో, తెలుస్తుంది. ఒక పుంజు, 10 పెట్టలు ఉన్న మంద బలం 3.6 మాత్రమే కాగా, నాలుగు పుంజులు, ఎనిమిది పెట్టలు ఉన్న మందకు అది 10.7 అవుతుంది. మొదటి మందలో అంతఃప్రజననం (దగ్గరి రక్తసంబంధం ఉన్న పక్షులు జతకట్టడం) తరానికి సుమారు 14 శాతం చొప్పున పెరిగితే రెండవదానిలో 5 శాతం లోపే ఉంటుంది. ఒకే గొప్ప పుంజును నమ్ముకునే అలవాటు జాతికి చేసే చేటు ఇదే.

అందుచేత పక్షులను నాలుగు గూళ్లుగా విడదీసి, ఒక్కో గూటికి ఒక పుంజును, రెండు పెట్టలను కేటాయించాలి. తరం మారినప్పుడు కూతుళ్లు తల్లి గూటిలోనే ఉంటాయి. మేలైన కొడుకు మాత్రం పక్క గూటికి, ప్రతిసారీ ఒకే దిశలో, వెళుతుంది. ఏ పిల్ల ఏ గూటిదో తెలియడానికి పుట్టిన రోజునే కాలివేళ్ల మధ్య పలుచని పొరకు, గూటికొక చోట, చిన్న చిల్లు వేయాలి. ఎదిగాక కాలికి రంగు రింగు తొడిగి పుస్తకంలో రాసుకోవాలి. జ్ఞాపకం మీద ఆధారపడిన వంశావళి రెండేళ్లు నిలవదు.

వనరాజా, గ్రామప్రియ వంటి రకాలు పెరటి పెంపకానికి మంచివే అయినా అసీల్ తిరిగే చోట వాటి పుంజులు ఉండకూడదు. వేరే పుంజు తొక్కిన పెట్టను విడదీసిన తరువాత కూడా రెండు మూడు వారాల దాకా ఆ పుంజు ప్రభావం గుడ్లలో ఉంటుంది గనుక, మూడు వారాలు గడిచాకే పొదిగించే గుడ్లు ఏరాలి.

అసీల్ గుడ్లు తక్కువ పెడుతుంది, పొదగడంలో మాత్రం దిట్ట. వారం లోపు గుడ్లను, చల్లని చోట వెడల్పు కొన పైకి ఉండేలా నిల్వ చేసినవాటిని, పెట్టకు 10 నుంచి 12 దాకా పెట్టవచ్చు. ఏడో రోజు రాత్రి చీకట్లో టార్చి వెలుగుకు పట్టి చూస్తే జీవమున్న గుడ్డులో సాలీడు కాళ్లలా ఎర్రటి నరాలు కనబడతాయి. ఏమీ కనబడని గుడ్డును తీసివేయాలి. 21వ రోజుకు పిల్లలు బయటపడతాయి.

కొక్కెర తెగులుకు (రాణిఖెట్) మొదటి వారంలో లసోటా టీకా చుక్కలు, ఎనిమిది వారాలకు ఆర్2బి టీకా వేయించాలి. టీకా సీసాను మంచులోనే తేవాలి. పుంజుపిల్లలు చిన్నప్పటి నుంచే కలబడతాయి కాబట్టి పోట్లాట మొదలవగానే వేరు చేయాలి, లేకపోతే వచ్చే తరానికి కావలసిన కొడుకే కన్ను పోగొట్టుకోవచ్చు.