గిటార్ నెక్ వదులైతే పనస పేడుతో సరిచేశాను

బొబ్బిలి వీణను పనస దుంగతోనే చెక్కుతారు. ఆ ధైర్యంతోనే విజయనగరంలో మా పెరటి షెడ్డులో చేసుకున్న బేస్ గిటార్ బాడీకి నేనూ పనస పలకే తెచ్చాను. బాగా ఆరిన చెక్క, 45 మిల్లీమీటర్ల మందం. కోత, నునుపు బాగానే వచ్చాయి. తప్పు జరిగింది నెక్ (తీగలు సాగే పొడవాటి మెడ భాగం) కూర్చునే గాడి దగ్గర. చెక్కలో గాడి తీసే రూటర్ మిషను జారి, గాడి ఒక పక్క దాదాపు 2 మిల్లీమీటర్లు ఎక్కువ వెడల్పయింది. తీగలు బిగించగానే నెక్ ఒరిగి, సన్నటి జి తీగ నెక్ అంచు దాకా వచ్చేసింది. స్క్రూలు ఎంత బిగించినా అంతే. చాలా టెన్షన్ పడ్డాను.

మా వీధి వడ్రంగి మేస్త్రి గారు చూసి, "స్క్రూ కాదు బాబూ, చెక్కే చెక్కని పట్టుకోవాలి" అన్నారు. మిగిలిన పనస ముక్కలోంచి, చారలు ఒకే వైపు వచ్చేలా సన్నటి పేడు తీశాను. శాండ్‌పేపర్‌తో రుద్దడం, గాడిలో పెట్టి చూడడం, మళ్లీ రుద్దడం. ఒక సాయంత్రమంతా ఇదే పని. చివరికి బొటనవేలితో నొక్కితే బిగువుగా దిగింది. ఫెవికాల్ రాసి, క్లాంపు వేసి ఒక రోజు కదపలేదు.

తర్వాత బ్రిడ్జి శాడిళ్లు (బాడీ మీద తీగలు ఆనే చిన్న దిమ్మెలు) మళ్లీ కొలిచాను. స్కేలు, అంటే మోగే తీగ పొడవు, 34 అంగుళాలు కాబట్టి నట్ (నెక్ పై చివర తీగలు ఆనే పట్టీ) నుంచి 12వ ఫ్రెట్‌కి (నెక్ మీది అడ్డ మెట్టు) 17, అక్కడి నుంచి శాడిల్‌కి 17 మీద వెంట్రుకవాసి ఎక్కువ. ఇప్పుడు ఇ తీగ మీటితే పొట్టకి ఆనిన పనస చెక్క మొత్తం అదురుతోంది.