కోతలకు ముందే ఆయిల్ పరీక్ష

యాసంగి వరి కోతకు వస్తే మిర్యాలగూడ, హాలియా వైపు హార్వెస్టర్‌కు పగలూ రాత్రీ తేడా ఉండదు. ఆ రోజుల్లో ఇంజన్ పట్టేస్తే మనకు కిరాయి పోతుంది, రైతుకు వడ్లు మడిలోనే రాలిపోతాయి. అందుకే మార్చిలోనే ఇంజన్ ఆయిల్ శాంపిల్ ల్యాబుకు పంపండి.

రంగును నమ్మకండి. డీజిల్ ఇంజన్‌లో మసి చేరి ఆయిల్ నల్లబడటం మామూలే. రెండేళ్ల కిందట మా బండిలో డిప్‌స్టిక్ మీద లెవెల్ సరిగ్గా ఉంది, వేళ్ల మధ్య రాస్తే జిగురూ బాగానే తగిలింది. వారం తిరగకముందే పొగ మొదలైంది. విప్పి చూస్తే లైనర్ల (పిస్టన్ ఆడే ఇనుప గొట్టాల) నిండా గీతలు. ఎయిర్ క్లీనర్ నుంచి ఇంజన్‌కు వెళ్లే రబ్బరు గొట్టానికి, సరిగ్గా క్లిప్పు కింద, వెంట్రుకంత పగులు. గొట్టం లోపల వేలు పెట్టి తీస్తే గోధుమరంగు దుమ్ము అంటుకుంది. ముందే పరీక్ష చేయించి ఉంటే దుమ్ముతో వచ్చే సిలికాన్, లైనర్లు అరిగితే వచ్చే ఇనుము రెండూ పెరగడం రిపోర్టులో కనిపించేది.

శాంపిల్ తీయడంలో తొందర వద్దు. ఇంజన్ ఆపిన అరగంటలోపు, ఆయిల్ వేడిగా ఉండగానే తీయాలి. చల్లారితే మట్టి, లోహపు పొడి అడుక్కు దిగిపోతాయి. డ్రెయిన్ బోల్టు దగ్గర పడుతుంటే మొదటి ధార వదిలేసి మధ్య ధార పట్టండి. చేతులు కాలుతాయి, గ్లౌజులు వేసుకోండి. ల్యాబు ఇచ్చిన సీసానే వాడండి. కడిగిన నీళ్ల సీసాలో తడి మిగిలితే లేని నీళ్లు రిపోర్టులోకి ఎక్కుతాయి. సీసా మీద ఇంజన్ గంటలు, ఆయిల్ మార్చి ఎన్ని గంటలైందో, ఆయిల్ గ్రేడు (డబ్బా మీద ఉండే 15డబ్ల్యూ-40 లాంటిది) రాయండి. అదే రకం కొత్త ఆయిల్ కొంచెం విడిగా పంపితే పోల్చడానికి ఆధారం దొరుకుతుంది.

కొత్త 15డబ్ల్యూ-40 ఆయిల్ చిక్కదనం 100 డిగ్రీల సెల్సియస్ వేడిలో 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్స్ (చిక్కదనాన్ని కొలిచే లెక్క) మధ్య ఉండాలి. మీది బాగా పలచబడితే డీజిల్ కలుస్తోందేమో అనుమానించి ఇంజెక్టర్లు చూపించండి. రాగి, సీసం పెరిగితే బేరింగులు అరుగుతున్నట్టు. సిలికాన్ ఒక్కటే పెరిగితే గాస్కెట్‌కు పూసిన పేస్టు వల్ల కూడా కావచ్చు, అల్యూమినియం కూడా తోడైతే దుమ్మును అనుమానించాలి. ఏ అంకెనైనా మీ బండి పాత రిపోర్టుల పక్కన పెట్టి చదవండి. అందుకే పాతవి పారేయకూడదు.

హైడ్రాలిక్ ఆయిల్ మజ్జిగలా తెల్లబడితే రిపోర్టు కోసం ఆగకండి, నీళ్లు కలిసినట్టే. బండి ఆపి, నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో పట్టుకున్నాకే ఆయిల్ మార్చండి.

రబ్బరు గొట్టాల క్లిప్పులు మాత్రం ఈరోజే విప్పి, వాటి కింద చూడండి.