మేడమీద టెలిస్కోపు గది: చిక్కులు, కారణాలు, మరమ్మతులు

మేడమీద రేకుల గది, పక్కకు జరిగే పైకప్పు, మధ్యలో స్తంభం మీద టెలిస్కోపు. ఇంటి దగ్గర సొంత అబ్జర్వేటరీకి సులువైన పద్ధతి ఇదే. గ్రహం సరిగా కనిపించకపోతే ముందు టెలిస్కోపును తిట్టుకుంటాం గానీ, చాలాసార్లు తేడా గదిలోనే ఉంటుంది. పైగా ఆన్‌లైన్‌లో దొరికే ప్లాన్లలో ఎక్కువభాగం 40, 50 డిగ్రీల అక్షాంశాల్లో ఉండేవాళ్ళు గీసుకున్నవి. వాటిని ఉన్నదున్నట్టు దించితే మొదటి చిక్కు ఇక్కడే వస్తుంది.

ధ్రువ నక్షత్రం గోడ చాటున పడింది

కదిలే తారల వెంట టెలిస్కోపు తిరగాలంటే, దాన్ని మోసి తిప్పే మౌంటు ఇరుసును ధ్రువ నక్షత్రం వైపు గురిపెట్టాలి. ఏ ఊళ్ళోనైనా ధ్రువ నక్షత్రం ఎత్తు దాదాపు ఆ ఊరి అక్షాంశమంతే. లండన్‌లో 51 డిగ్రీలు, హైదరాబాద్‌లో 17, తిరుపతిలో పదమూడున్నర. పదడుగుల గదికి నట్టనడుమ, నేల నుంచి 5 అడుగుల ఎత్తులో మౌంటు ఉందనుకోండి. హైదరాబాద్‌లో అక్కడి నుంచి ధ్రువాన్ని చూసే చూపు ఉత్తరపు గోడను ఆరున్నర అడుగుల దగ్గర దాటుతుంది. గోడ ఏడడుగులైతే ధ్రువం పోయినట్టే. పైకప్పును కూడా ఉత్తరం వైపుకే జరిపితే ఇక చెప్పేదేముంది!

ఉత్తరపు గోడ పై అడుగున్నరను కోయించి, బందులు పెట్టి, బయటికి వాలే తలుపులా చేయించండి. వెల్డరుకు ఒక పూట పని. పైకప్పు పట్టాలు పడమరకు వేయడం మేలు. దక్షిణానికి వేస్తే, హైదరాబాద్‌లో 20 డిగ్రీలకు మించి లేవని అగస్త్య నక్షత్రం మూతపడుతుంది. పడమటి తారలను అంతకుముందే నడినెత్తిన చూసేసి ఉంటాం కాబట్టి ఆ వైపు నష్టం తక్కువ. సాయంత్రం పడమట కనిపించే శుక్రుడి మీద మోజున్నవాళ్ళు మాత్రం తూర్పుకు జరుపుకోవాలి.

ఉత్తరాన పక్కింటి నీళ్ళ ట్యాంకే అడ్డమైతే గోడ కోసి లాభం లేదు. డ్రిఫ్ట్ పద్ధతిలో, అంటే తార ఎటు జారుతుందో చూసి, మౌంటును సరిచేసుకోవాలి. నడినెత్తి దగ్గరి తార ఉత్తర దక్షిణాలకు జారితే మౌంటును ఎడమకో కుడికో తిప్పాలి. తూర్పున ఉన్న తార అలా జారితే ఇరుసు వాలు మార్చాలి. ఇంకోటి: తక్కువ అక్షాంశంలో కొన్ని మౌంట్ల బరువుల కడ్డీ స్తంభానికి తగులుతుంది. కొనేముందే మీ ఊరి అక్షాంశానికి వంచి చూపించమనండి.

అడుగేస్తే తార వణుకుతోంది

ఎక్కువ మాగ్నిఫికేషన్‌లో ఒక తారను పెట్టి, ఇంకొకరిని గదిలో నడవమనండి. తర్వాత వాళ్ళను ఆపి, టెలిస్కోపు గొట్టాన్ని మెల్లగా తట్టండి. నడకకు వణికితే తప్పు నేలది. తట్టినప్పుడు మాత్రమే చాలాసేపు వణికితే బోల్టులదో, సన్నటి స్తంభానిదో.

మేడమీద అసలు కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: స్తంభాన్ని స్లాబు మధ్యలో నిలపడం. అక్కడే స్లాబు ఎక్కువగా ఊగుతుంది. స్తంభాన్ని పిల్లరు, బీము కలిసేచోటికి మార్చండి. గది అందం కోసం మధ్యలోనే ఉండాలని పట్టుబట్టకండి. అడుగు వ్యాసం, మూడడుగుల ఎత్తున్న కాంక్రీటు స్తంభం ఒక్కటే సుమారు 160 కిలోలు. కాబట్టి ఇంజనీరుకు చూపించాకే పోయించండి. లేదా ఆరంగుళాల ఇనుప పైపులో ఇసుక నింపి నిలపండి.

పెరట్లో కడితే స్తంభానికి విడిగా పునాది తీసి, చుట్టూ నేలకు తగలకుండా అంగుళం సందు వదలాలి. మీరు పక్కకు వెళ్ళగానే మేస్త్రి నీటుగా ఉంటుందని ఆ సందును సిమెంటుతో పూడ్చేస్తాడు. దగ్గరుండి చూసుకోండి.

గురుడు మరుగుతున్న నీళ్ళలో ఉన్నట్టు కదులుతున్నాడు

పగలంతా కాగిన స్లాబు రాత్రి ఆ వేడిని వదులుతుంది. పొద్దుగూకగానే పైకప్పు తెరిచి, ఫ్యాను వేసి గంటన్నర ఆగండి. ఇటుక గోడలకంటే రేకు గోడలు తొందరగా చల్లారతాయి. చుట్టూ స్లాబు మీద తెల్లటి కూల్ రూఫ్ పెయింటు వేయిస్తే తేడా తెలుస్తుంది. అర్ధరాత్రి దాటినా కదలిక తగ్గకపోతే అది పై గాలుల పని. ఆ రాత్రికి పడుకోవడమే.

ఎండకు పైకప్పు బిగుసుకుంటోంది

రెండు పట్టాల మీదా గాడి చక్రాలే వేసి ఉంటారు. ఇనుము ఎండకు సాగుతుంది, పట్టాలు ఎక్కడో కాస్త వంకర పోతాయి, చక్రాలకు పక్కకు జరిగే వీలుండదు. ఒక వైపు స్లైడింగ్ గేట్లకు వాడే గాడి చక్రాలు ఉంచి, రెండోవైపు చదునైన చక్రాలు వేయించండి.

అద్దం మీద సాలెగూడులాంటి మచ్చ

అది బూజు. టెలిస్కోపును పాలిథీన్ కవరులో బిగించి పెడితే లోపలి చెమ్మ అక్కడే ఉండిపోతుంది. నూలుగుడ్డ కప్పండి, మూతపెట్టే గొట్టంలో సిలికా జెల్ సంచి ఉంచండి, వానాకాలంలో తేమ 60 శాతం దాటకుండా చూసుకోండి. కుదరకపోతే గొట్టాన్ని ఇంట్లోకి దించుకోవడమే మంచిది.

ఈదురుగాలికి పైకప్పు లేస్తోంది

చక్రాలు బరువును మోస్తాయే తప్ప పైకప్పును పట్టి ఉంచవు. నాలుగు మూలలా టర్న్‌బకిల్‌తో (తిప్పితే బిగిసే మరల కొక్కెం) గోడ ఫ్రేముకు బిగించండి. పట్టా కిందికి వంగే కొక్కేలు కూడా వెల్డింగ్ చేయిస్తే సగం తెరిచి ఉన్నప్పుడూ లేవదు. కోస్తాలో ఉండేవాళ్ళు తుపాను హెచ్చరిక రాగానే గొట్టాన్ని, మౌంటును కిందికి దించి, కరెంటు తీగలు పీకేయాలి.