హైబ్రిడ్ కారు మనమే చూసుకుందాం, 4వ పాఠం: ఇంజిన్ ఆయిల్ ఎప్పుడు మార్చాలి

పోయిన పాఠంలో హైబ్రిడ్ కారు (పెట్రోల్ ఇంజిన్, బ్యాటరీతో తిరిగే మోటారు రెండూ ఉండేది) బ్యాటరీకి గాలి వెళ్ళే జాలీ దుమ్ము దులపటం నేర్చుకున్నాం. ఇవాళ్టిది అంతకంటే తేలికైన పని, కానీ ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. ఇంజిన్ ఆయిల్. ఎన్ని కిలోమీటర్లకి మార్చాలి, ఎన్ని నెలలకి మార్చాలి, హైబ్రిడ్ కదా ఇంజిన్ సగం సేపు ఆగే ఉంటది కదా మరి ఆయిల్ రెట్టింపు రోజులు రాదా, ఈ ప్రశ్న అడగని హైబ్రిడ్ ఓనర్ నాకింతవరకు తగల్లేదు.

ముందు జవాబు చెప్పేస్తా, కారణాలు తర్వాత చూద్దాం. మన దగ్గర తిరిగే హైరైడర్, గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్, ఇన్నోవా హైక్రాస్, హోండా సిటీ హైబ్రిడ్ లాంటి కార్లకి కంపెనీ షెడ్యూలు 10,000 కిలోమీటర్లు లేకపోతే ఒక సంవత్సరం, రెండిట్లో ఏది ముందొస్తే అది. ఈ "ఏది ముందొస్తే అది" అన్న ముక్కనే జనం చదవకుండా వదిలేస్తారు. ఇక మీ కారు రోజూ ఊళ్ళో రెండు మూడు కిలోమీటర్లు తిరిగి ఇంటికొచ్చే రకమైతే నా లెక్క 5,000 కిలోమీటర్లు లేదా ఆరు నెలలు. వారంటీలో ఉన్న కారుకి కంపెనీ చెప్పిన దానికంటే ముందే మార్చుకుంటే ఏ ఇబ్బందీ లేదు, దాటిస్తేనే ఇబ్బంది.

ఆరు నెలలంటే చాలామంది మొహం చిట్లిస్తారు. మా బాబాయి కూడా అట్లాగే అన్నాడు. ఆయనది బెజవాడ పటమట. పొద్దున రైతుబజారు, సాయంత్రం గుడి, మధ్యలో మనవరాలిని స్కూల్ నుంచి తీసుకురావటం, అంతే తిరుగుడు, రోజుకి పది కిలోమీటర్లు కూడా దాటదు. "ఒరే, ఇది సగం బ్యాటరీ మీదే నడుస్తంది, పదివేలు తిరగాలంటే నాకు మూడేళ్ళు పట్టిద్ది, ఇప్పుడే ఆయిలెందుకురా" అన్నాడు. అప్పటికి ఆయిల్ మార్చి ఏడాదిన్నర అయింది. నేను ఏం మాట్లాడకుండా బోనెట్ ఎత్తి డిప్‌స్టిక్, అంటే ఆయిల్ లెవల్ చూసే పుల్ల, తీసి చూపించా. ఆయిల్ ఫుల్ గీత దాటి పైకుంది, ముక్కు దగ్గర పెడితే పెట్రోల్ వాసన. ఎవరూ ఆయిల్ పొయ్యలేదు, మరి ఎట్లా పెరిగింది? ఆయిల్ పోసే మూత తిప్పి చూస్తే లోపలవైపు మీగడ కట్టినట్టు తెల్లగా జిగురు. బాబాయి ఆ మూత చేతిలో పట్టుకుని చాలాసేపు చూశాడు.

ఇది ఎందుకవుద్దో అర్థమైతే మిగతా పాఠమంతా మీకు మీరే చెప్పుకోగలరు కాబట్టి ఇక్కడ కొంచెం నిదానంగా వెళ్దాం.

పెట్రోల్ కాలితే నీళ్ళు పుడతాయి. కొంచెం కాదు, లీటరు పెట్రోల్ కాలితే దాదాపు లీటరు నీళ్ళు. ఎక్కువ భాగం ఆవిరై సైలెన్సర్లోంచి పోద్ది, కానీ కొంచెం పిస్టన్ రింగుల సందుల్లోంచి కిందికి, ఆయిల్ ఉండే చోటికి దిగిద్ది. దాంతోపాటు ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కంప్యూటర్ పెట్రోల్ కాస్త ఎక్కువ పోసిద్ది, అది పూర్తిగా కాలకుండా సిలిండర్ గోడ మీంచి జారి ఆయిల్లో కలిసిద్ది. ఇది అన్ని కార్లలో జరిగేదే, కంగారేం లేదు, ఎందుకంటే ఇంజిన్ బాగా వేడెక్కి కాసేపు నడిస్తే ఆ నీళ్ళు, ఆ పెట్రోల్ ఆవిరైపోయి మళ్ళీ ఇంజిన్‌లోకే లాగబడి కాలిపోతాయి. తడి గిన్నె పొయ్యి మీద పెట్టినట్టు అన్నమాట, కాసేపుంచితే ఆరిపోద్ది, వెచ్చబడగానే దించేస్తే తడి అట్లాగే ఉంటది.

ఊళ్ళో కొంచెం కొంచెం తిరిగే హైబ్రిడ్‌లో ఇంజిన్ ఎప్పుడూ వెచ్చబడగానే దించేసిన గిన్నె లాంటిదే. కారు స్టార్ట్ చేసిన కాసేపటికి పొగ గొట్టంలో ఉండి పొగని శుభ్రం చేసే కేటలిటిక్ కన్వర్టర్ వేడెక్కటం కోసం ఇంజిన్ దానంతటదే ఆన్ అవుద్ది, మీరు బ్యాటరీ మీదే నడిపే ఈవీ మోడ్ బటన్ నొక్కినా చాలాసార్లు ఒప్పుకోదు. కాస్త వేడెక్కగానే ఆగిపోద్ది, ఇంక బండి బ్యాటరీ మీద వెళ్ళిద్ది. టెంపరేచర్ మీటర్లో కనపడేది ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్ వేడి, ఆయిల్ వేడి కాదు, ఆయిల్ దానికంటే చాలా నిదానంగా వేడెక్కిద్ది, పూర్తిగా వేడెక్కాలంటే ఇంజిన్ పదిహేను ఇరవై నిమిషాలు పనిచెయ్యాలి. బాబాయి రైతుబజారుకి వెళ్ళే రెండు కిలోమీటర్లలో ఇంజిన్ నడిచింది రెండు నిమిషాలేగా అని ఆయన లెక్క, నిజమే, కానీ ఆ రెండు నిమిషాలూ చల్ల ఇంజిన్‌తో, ఎక్కువ పెట్రోల్‌తో నడిచినయ్యే. అట్లా రోజుకి నాలుగైదు సార్లు. ఇంజిన్ తక్కువ నడిచింది కాబట్టి ఆయిల్ కొత్తగానే ఉంటదనుకోవటం ఇక్కడే దెబ్బతినిద్ది, నడిచిన కొంచెమూ ఆయిల్‌ని పాడుచేసే రకం నడకే.

ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్, ఇథనాల్‌కి తేమ పట్టే గుణముంది. పైగా మనది కృష్ణ ఒడ్డు. వానాకాలంలో ఇక్కడి గాలిలో తేమ సంగతి ఆరేసిన బట్టలు మూడ్రోజులు ఆరకపోవటం చూసిన ప్రతి ఇల్లాలికీ తెలుసు. అందుకే నెలల లెక్క కూడా చూడమంటన్నా.

దీనికి పూర్తిగా ఎదురు మా బావ. గుంటూరు బ్రాడీపేటలో ఉంటాడు, మిర్చి వ్యాపారం, వారానికొకసారి పిడుగురాళ్ళ మీదుగా హైదరాబాద్ వెళ్ళొస్తాడు, రానూపోనూ సుమారు 550 కిలోమీటర్లు. 18 వారాల్లో పదివేలు అయిపోతాయి, అంటే నాలుగు నెలలకొకసారి ఆయిల్ మార్చాలి. ఆయనేమో "నాలుగు నెలల కిందేగా మార్చాం" అంటాడు. బావకి కిలోమీటర్లు ముందొస్తాయి, బాబాయికి నెలలు ముందొస్తాయి. కానీ బావ బండిలో తీసిన పాత ఆయిల్ చూస్తే వాసన లేదు, లెవల్ సరిగ్గా ఉంది, హైవే మీద ఇంజిన్ ఎక్కువ సేపు వేడిగా నడిచిద్ది కాబట్టి తడి నిలవదు. ఆయన పదివేల దాకా ఆగొచ్చు, భయం లేదు.

మీరు ఈ ఇద్దరి మధ్యలో ఎక్కడో ఉంటారు. రోజూ బెజవాడ నుంచి గుంటూరు ఆఫీసుకి వెళ్ళొచ్చేవాళ్ళు బావ వైపు, బందరు రోడ్డు ట్రాఫిక్ దాటని వాళ్ళు బాబాయి వైపు. బాబాయి వైపు ఉన్నవాళ్ళకి ఒక మంచి అలవాటు చెప్తా, వారానికొకసారి అరగంట పైనే బండిని ఆగకుండా తోలండి, కృష్ణ మీది వారధి దాటి మంగళగిరి దాకా వెళ్ళి రండి, లేదా గన్నవరం వైపు. అది చేసినాక పెరిగిన ఆయిల్ లెవల్ కొంచెం దిగొచ్చు, కలిసిన పెట్రోల్ ఎగిరిపోయిందని అర్థం. ఇట్లా చేసినా నెలల లెక్క మాత్రం మారదు.

ఎండ సంగతి కూడా అడుగుతారు, మే నెలలో మన దగ్గర 45 డిగ్రీలు తగిలిద్ది కదా ఆయిల్ కాలిపోదా అని. ఇంజిన్ లోపలి వేడిని థర్మోస్టాట్, రేడియేటర్ ఫ్యాను చూసుకుంటాయి, బయట 30 ఉన్నా 45 ఉన్నా లోపల పెద్దగా తేడా రాదు. దీని గురించి ఎక్కువ ఆలోచించొద్దు.

ఎండ పేరు చెప్పి చేసే ఇంకో తప్పు మాత్రం ఆలోచించాల్సిందే. నా కారుకే జరిగింది. ఒక గ్యారేజీలో "సార్, మన ఎండలకి ఈ నీళ్ళలాంటి ఆయిల్ ఆగదు, చిక్కటిది పోస్తా" అని 20డబ్ల్యూ50 పోశారు, నేను పక్కనే ఉండి కూడా చూసుకోలేదు. ఇంటికొచ్చి డబ్బా మీద అంకె చూసి మర్నాడే తీయించి సరైనది పోయించుకున్నా, రెండు సార్లు డబ్బులు. డబ్ల్యూకి ముందున్న అంకె చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ ఎంత తేలిగ్గా కదిలిద్దో చెప్పుద్ది, అది చిన్నదైతే స్టార్ట్ అవ్వగానే పైదాకా త్వరగా చేరిద్ది. తర్వాతున్న అంకె 100 డిగ్రీల దగ్గర ఎంత చిక్కగా ఉంటదో చెప్పుద్ది. హైబ్రిడ్ ఇంజిన్ ఒక్క ప్రయాణంలోనే పదుల సార్లు ఆగి మళ్ళీ మొదలవుద్ది, అన్నిసార్లూ ఆయిల్ వెంటనే బేరింగులకి అందాలి, అందుకే హైరైడర్, హైక్రాస్ లాంటి వాటికి 0డబ్ల్యూ16, హోండా సిటీ హైబ్రిడ్‌కి 0డబ్ల్యూ20. ఆ ఇంజిన్ లోపలి సందులు, ఆయిల్ పంపు అన్నీ ఆ పలుచదనానికి తగ్గట్టు చేసినవే. చిక్కటిది పోస్తే మైలేజీ కూడా తగ్గుద్ది. మీ మాన్యువల్లో ఏ అంకె ఉందో అదే, డబ్బా మీద ఆయిల్ నాణ్యత గుర్తు ఏపీఐ ఎస్పీ అని కూడా ఉండేట్టు చూసుకోండి. జవహర్ ఆటోనగర్లో 0డబ్ల్యూ16 తేలిగ్గానే దొరికిద్ది, సీల్ మీ ముందే తీయించండి. ఆయిల్ వడగట్టే ఫిల్టర్ ప్రతిసారీ కొత్తదే వెయ్యాలి.

ఇప్పుడు చేత్తో చేసే పని. డిప్‌స్టిక్ చూడటం. హైబ్రిడ్‌లో ఇది మామూలు కారులాగా చెయ్యకూడదు, ఎందుకంటే చప్పుడు లేదు కాబట్టి ఆగి ఉందనుకుని బోనెట్ కింద చెయ్యి పెడతాం, బ్యాటరీ తగ్గితే ఇంజిన్ దానంతటదే స్టార్ట్ అవుద్ది, వేళ్ళు తిరిగే భాగాల్లో పడతాయి. కాబట్టి పవర్ బటన్ నొక్కి పూర్తిగా ఆపండి, డాష్‌బోర్డ్ మీద రెడీ అన్న అక్షరాలు పోయాయో లేదో కళ్ళతో చూడండి, తాళం తీసుకెళ్ళి ఇంట్లో పెట్టి రండి. బోనెట్ కింద నారింజ రంగు వైర్లుంటాయి, అవి హైవోల్టేజీ, వాటి జోలికి పోవద్దు, ఆయిల్ చూడటానికి వాటితో పనే లేదు.

బండి సమానంగా ఉన్న నేల మీద ఉండాలి, అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు మీద కాదు. కాసేపు తిరిగొచ్చి ఆపినాక ఐదు పది నిమిషాలు ఆగండి, పైకెక్కిన ఆయిల్ కిందికి దిగాలి. పుల్ల బయటికి లాగి, పోగులు రాలని పాత నూలు గుడ్డతో తుడిచి, మళ్ళీ పూర్తిగా లోపలికి దించి, మళ్ళీ తీసి చూడండి. మొదటిసారి తీసినప్పుడు కనపడే గీతని నమ్మొద్దు. రెండు గుర్తుల మధ్యలో ఉంటే చాలు. కింది గుర్తు దగ్గరికొస్తే అదే రకం ఆయిల్ కొంచెం కొంచెంగా పోసి చూడాలి, పై గుర్తు దాటనివ్వొద్దు, ఎక్కువైతే ఇంజిన్ లోపల తిరిగే క్రాంక్ తగిలి నురగ కట్టుద్ది, నురగ బేరింగులని కాపాడలేదు.

రంగు చూసి నిర్ణయం తీసుకోకండి. నల్లగా ఉంటే పాడైందని కాదు, మసిని పట్టుకుని తనలో ఉంచుకోవటం ఆయిల్ పనే. మీరు చూడాల్సింది పోయిన నెల కంటే లెవల్ పెరిగిందా, పెట్రోల్ వాసన ఉందా, మూత కింద తెల్ల జిగురుందా. ఈ మూడిట్లో లెవల్ పెరగటం, వాసన రెండూ కలిసి కనపడితే కిలోమీటర్లు ఎన్నున్నా ఆయిల్ మార్చెయ్యండి. జిగురు ఒక్కటే ఉంటే తుడిచేసి రెండు వారాలు మంగళగిరి తోలి మళ్ళీ చూడండి. అప్పటికీ జిగురు వస్తానే ఉండి, కూలెంట్ డబ్బాలో కూడా మట్టం తగ్గుతా ఉంటే అది వేరే జబ్బు, మెకానిక్‌కి చూపించండి.

దీపాల గురించి ఒక్క మాట. ఎర్రగా నూనె డబ్బా బొమ్మ వెలిగితే అది ఆయిల్ మార్చే టైమైందని కాదు, ప్రెషర్ పడిపోయిందని, వెంటనే పక్కకి తీసి ఆపెయ్యాలి, ఇంటిదాకా వెళ్దాంలే అనుకోవద్దు. సర్వీసు టైమైందని వచ్చే రిమైండర్ కొన్ని కార్లలో కిలోమీటర్లు మాత్రమే లెక్కపెట్టుద్ది, మీ ఆయిల్ ఎట్లా ఉందో దానికి తెలీదు. బాబాయి కారులో అది ఒక్కసారి కూడా రాలేదు.

ఈ వారం ఇంటిపని. గ్లవ్‌బాక్సులో ఒక చిన్న నోటుబుక్కు పెట్టండి. పోయిన సర్వీసు బిల్లు వెతికి ఆయిల్ మార్చిన తేదీ, అప్పటి కిలోమీటర్లు, పోసిన ఆయిల్ అంకె మూడూ రాయండి, బిల్లులో అంకె లేకపోతే ఫోన్ చేసి అడగండి. తర్వాత ఆదివారం పొద్దున మంగళగిరి దాకా వెళ్ళొచ్చి పైన చెప్పినట్టు పుల్ల చూసి, గీత ఎక్కడుందో బొమ్మ గీసుకోండి. నాలుగు వారాలు వరసగా చెయ్యాలి, 5వ పాఠంలో ఆ బొమ్మలు ముందు పెట్టుకునే గేర్‌బాక్స్ ఆయిల్ గురించి మాట్లాడుకుందాం, అది దీంట్లో కలవదు, దాని లెక్క వేరు.