బోనాల నాడు శివమూగే మనిషికి తోడుండే విధానం

ఆషాఢ, శ్రావణ మాసాల్లో నల్లగొండ, పాలమూరు పల్లెల్లో పోచమ్మకో, ఎల్లమ్మకో, మైసమ్మకో బోనం తీసిన నాడు, డప్పు దరువు అందుకోగానే కొందరి ఒంటి మీదికి అమ్మవారు వస్తుంది. చుట్టూ ఉన్నవారు దండం పెట్టుకుని పక్కకు జరుగుతారు. దీన్నే శివమూగడం, పూనకం అంటారు. అయితే శివమూగుతున్నంతసేపు ఆ మనిషి శరీరాన్ని కాపాడవలసింది ఆ చుట్టూ ఉన్నవారే కనుక, ఇంటివాళ్లు ఆ బాధ్యతకు ముందునాడే సిద్ధం కావాలి.

ఒక్కపొద్దు ఉన్నవారికి పొద్దున్నుంచి కొద్దికొద్దిగా నీళ్లు, ఉప్పు కలిపిన మజ్జిగ ఇస్తూ ఉండండి. చక్కెర వ్యాధికి మందులు వాడేవారు ఉపవాసం గురించి ముందే డాక్టరును అడగాలి. మూర్ఛ మాత్రలు వేసుకునేవారు ఒక్క పూట కూడా వాటిని మానకూడదు. చీర కుచ్చిళ్లు, కొంగు గట్టిగా చెక్కి, జుట్టులోని పిన్నులు ముందే తీసేయాలి. బోనం మీద దీపం వెలుగుతుంటుంది కాబట్టి, శివం వచ్చిన క్షణంలో కుండను రెండు చేతులతో అందుకునే మనిషి ఒకరు ఎదురుగా నడవాలి, వెనుకకు పడకుండా పట్టుకునే మనిషి మరొకరు వెన్నంటి ఉండాలి. ఈ ఇద్దరూ ఆమెకు చనువున్న ఆడవాళ్లయితే మంచిది.

శివం వచ్చాక చేతులు, కాళ్లు బిగపట్టి ఆపాలని చూడవద్దు, ఎందుకంటే గుంజులాటలోనే కీళ్లకు దెబ్బ తగులుతుంది. చంకల కింద నుంచి ఆసరా ఇస్తూ ఆమెతోపాటు కదలండి. రాళ్లు, మంటలు, పోతరాజు కొరడా అందే చోటు నుంచి మెల్లగా తప్పించండి. అరచేతిలో కర్పూరం వెలిగించుకున్నప్పుడు చెయ్యి కాలితే, దాని మీద పసుపు పెట్టకుండా 20 నిమిషాల పాటు చల్లని నీటి ధార కింద ఉంచాలి.

ఒకే తీరుగా సాగే దరువు, గిరగిరా తిరగడం, ఉపవాసం, వేగంగా తీసే ఊపిరి కలిసి మనిషి ఎరుకను మారుస్తాయి. ఊపిరి వేగం పెరిగితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, తల తిరుగుతుంది. ఇది తెలిసినంత మాత్రాన భక్తికి లోటు రాదని నా నమ్మకం. దేవిని శరీరంతో కలిపి చూడడం ఈ నేలకు పాతదే: సతీదేవి పై దంతాలు పడిన చోటుగా అలంపురం జోగులాంబను అష్టాదశ శక్తిపీఠాలలో ఒకటిగా కొలుస్తారు, అదే ఊరిలో దొరికిన లజ్జాగౌరి శిల్పానికి తల ఉండవలసిన చోట పద్మం ఉంటుంది. అమ్మ వచ్చిందని నమ్మేవారు ఆమె వచ్చిన ఒంటిని మరింత భద్రంగా చూసుకోవాలి.

శాంతింపజేసేటప్పుడు దరువును ఒక్కసారిగా ఆపించకుండా, మెల్లమెల్లగా తగ్గించమని డప్పు వాయించేవారిని అడగండి. అనుభవమున్నవారు మీరు చెప్పకముందే ఆ పని చేస్తారు. వేపమండతో పసుపునీళ్లు చిలకరించి, అమ్మవారి పేర నేల మీద సాక పోసి, ఆమెను నీడలో కూర్చోబెట్టండి. పిలిస్తే పలికేదాకా నోట్లో నీళ్లు పోయవద్దు. తెలివి వచ్చాక చాలామందికి జరిగింది గుర్తుండదు. ఫోనులో తీసిన వీడియో చూపించి ఆమెను సిగ్గుపరచవద్దు. అసలు ఆమె ముందే ఒప్పుకోకపోతే వీడియో తీయవద్దు.

అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్త పడవలసింది మీరడిగే ప్రశ్నల విషయంలో. సికింద్రాబాదు ఉజ్జయినీ మహంకాళి గుడిలో బోనాల మరునాడు భవిష్యవాణి చెప్పే రంగంలో, పచ్చికుండ మీద నిలబడిన జోగినిని వానలు, పంటలు, జనం క్షేమం గురించి అడుగుతారు. మీ ఊరిలోనూ అంతవరకే అడగండి. ‘మా పిల్లకు ఎవరు చేసిండ్రు తల్లీ’ అని అడగవద్దు. బాణామతి, అంటే చేతబడి, చేశారన్న అనుమానంతో మనుషులను కొట్టి చంపిన ఘటనలు తెలంగాణలో జరిగాయి. శివంలో వచ్చిన ఒక్క పేరు పక్కింటి ముసలమ్మ ప్రాణం మీదికి తేవచ్చు. ఎవరైనా ఆ ప్రశ్న మొదలుపెడితే, కులపెద్ద గానీ, అమ్మవారి కొలుపు చేసే బైండ్లాయన గానీ వెంటనే మాట మళ్లించాలని ముందే అనుకుని ఉంచండి.

మూర్ఛను శివమని పొరబడే ప్రమాదం కూడా ఉంది. శివమూగే మనిషి కదలికలు ఎక్కువగా దరువును అనుసరిస్తాయి. మూర్ఛలో మనిషి ఉన్నట్టుండి పడిపోయి బిగుసుకుపోవడం, కొట్టుకోవడం, నాలుక కొరుక్కోవడం, బట్టల్లో మూత్రం పోవడం జరగవచ్చు. అలాంటప్పుడు చేతిలో తాళాలు పెట్టకుండా, నోట్లో ఏమీ దూర్చకుండా, తల కింద మెత్తని బట్ట ఉంచండి. కొట్టుకోవడం ఆగగానే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. 5 నిమిషాలు దాటినా, మొదటిసారి వచ్చినా, గర్భిణికి వచ్చినా 108కి ఫోన్ చేయండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రస్తుత వ్యాధుల వర్గీకరణ ప్రకారం, సమాజం తన ఆచారంలో భాగంగా అంగీకరించిన పూనకం జబ్బు కాదు. జాతర, బోనాలు లేని రోజుల్లో, ఆమెకు ఇష్టం లేకుండా, పనికీ నిద్రకూ అడ్డుపడుతూ అది మళ్లీమళ్లీ వస్తుంటే మాత్రం మానసిక వైద్యులకు చూపించాలి. ముందుగా ఎవరితోనైనా మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ 14416 నంబరుకు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. వీలైతే ఆ ఫోన్ ఆమెనే చేయనివ్వండి.