డ్రాగ్ రేసింగ్‌కి బీటిల్ ఇంజిన్: 1915 సీసీ, సూపర్‌చార్జర్‌తో

ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ టైప్-1 ఇంజిన్‌లో బ్యారెల్‌కీ (సిలిండర్ గొట్టానికీ) హెడ్డుకీ (దాని మూతకీ) మధ్య గ్యాస్కెట్ ఉండదు. ఇనుప బ్యారెల్ మీద అల్యూమినియం హెడ్డు నేరుగా కూర్చుంటుంది. ఒక్కో సిలిండర్ చుట్టూ నాలుగు పొడవాటి స్టడ్లు రెండిటినీ కేసుకి (క్రాంకు ఉండే ఇంజిన్ ఒంటికి) బిగించి పెడతాయి. సూపర్‌చార్జర్ (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో తోసేది, దీన్నే బ్లోయర్ అంటారు) పెడితే ముందు దెబ్బతినేది ఆ అతుకే. అందుకే బ్లోయర్ ఎంపిక తర్వాతి సంగతి, కింది భాగం ముందు.

94 మి.మీ. బోరు (సిలిండర్ లోపలి వ్యాసం), ఫ్యాక్టరీ స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 69 మి.మీ. తీసుకుంటే 1915 సీసీ వస్తుంది. మామూలు 92 మి.మీ. బ్యారెళ్ల గోడ పలచన, వేడికి వంకరపోతుంది. బ్లోయర్‌కి అవి పనికిరావు. స్ట్రోకు పెంచాలని చాలామందికి మనసవుతుంది గానీ, కంప్రెషన్ (మిశ్రమాన్ని పిస్టన్ ఎన్ని రెట్లు నొక్కుతుందనే) లెక్క వేశాక ఆ ఉబలాటం తగ్గుతుంది. 1915లో ఒక సిలిండర్ 479 సీసీ. కంప్రెషన్ 7.5:1 కావాలంటే పైన మిగలాల్సిన ఖాళీ 73.7 సీసీ. పిస్టన్ బ్యారెల్ అంచుకి 1.5 మి.మీ. కింద ఆగితే ఆ సందులోనే (దీన్ని డెక్ అంటారు) 10.4 సీసీ పోతుంది. మిగతా 63 సీసీ హెడ్డు చాంబర్‌లో ఉండాలి. స్టాక్ చాంబర్ అంతకంటే బాగా చిన్నది కాబట్టి మిషన్ షాపులో కోయించాలి. స్ట్రోకు పెరిగితే ఇంకా ఎక్కువ కోయాలి, లేదా గుంట పిస్టన్లు వేయాలి. ఖర్చుకి జంకి బ్యారెల్ కింద మందపాటి షిమ్ములు (లోహపు వలయాలు) పేర్చి కంప్రెషన్ దించేవాళ్లున్నారు. అది తప్పుడు దారి: డెక్ పెరిగేకొద్దీ అంచుల్లో మిశ్రమం కదలిక లేకుండా నిలిచి నాకింగ్ (మిశ్రమం తనంతట తానే అదుపు తప్పి పేలడం) మొదలవుతుంది.

పిస్టన్లు ఫోర్జ్‌డ్ రకమే. పై రింగు గ్యాప్ 0.55 మి.మీ. దగ్గర పెట్టండి. బిగుతుగా ఉంటే వేడికి కొసలు రెండూ ఒకదానికొకటి తగిలి రింగు బోరుని గీరేస్తుంది, పిస్టన్ రింగు గాడి కూడా విరగొచ్చు.

వేడెక్కినప్పుడు హెడ్డూ బ్యారెలూ కలిసి స్టడ్డు కంటే ఎక్కువ సాగుతాయి. ఆ లాగుడుకి ఫ్యాక్టరీ 10 మి.మీ. స్టడ్లు మెగ్నీషియం కేసులో మరలని ఊడబీకుతాయి. కేస్ సేవర్ అనే స్టీలు ఇన్సర్టులు వేసి, 8 మి.మీ. క్రోమోలీ (గట్టి మిశ్రమ స్టీలు) స్టడ్లు బిగించండి. టార్క్ రెండు విడతల్లో: ముందు 10 న్యూటన్ మీటర్లకి అన్నీ, తర్వాత స్టడ్ తయారీదారు చెప్పిన అంకెకి. బ్యారెళ్లని కూర్చోబెట్టే ముందు వాల్వ్ పేస్టుతో హెడ్డులో రుద్ది, చుట్టూ తెగని బూడిదరంగు వలయం వచ్చిందో లేదో చూడాలి. ఒకే వైపు ఉన్న రెండు బ్యారెళ్ల ఎత్తులో తేడా ఉండకూడదు. పాత మెగ్నీషియం కేసుకి మూడో సిలిండర్ వెనక పగులు పట్టే అలవాటుంది. వాడిన కేసైతే అక్కడ శుభ్రంగా తుడిచి వెతకండి. అల్యూమినియం కేసు బరువే, అయినా డబ్బు పెట్టదగ్గ చోటు అదే.

క్రాంకు ఫోర్జ్‌డ్, కౌంటర్‌వెయిట్లు ఉన్నది. ఫ్లైవీల్‌కి ఫ్యాక్టరీ నాలుగు డోవెల్స్ (జారకుండా పట్టే పిన్నులు) చాలవు, ఎనిమిది వేయించండి. గ్లాండ్ నట్ (ఫ్లైవీల్‌ని క్రాంకుకి బిగించేది) ఫ్యాక్టరీ టార్క్ 343 న్యూటన్ మీటర్లు, చేత్తో అయ్యే పని కాదు. క్రాంకు ఎండ్ ప్లే (ముందుకీ వెనక్కీ కదిలే సందు) 0.07 నుంచి 0.13 మి.మీ. మధ్య ఉంచాలి.

ఇక బ్లోయర్. ఈటన్ ఎం62 ఒక చుట్టుకి 1016 సీసీ తోస్తుంది. మన ఇంజిన్ క్రాంకు ఒక చుట్టుకి మింగేది 957. పుల్లీ నిష్పత్తి (క్రాంకు ఒక చుట్టుకి బ్లోయర్ తిరిగే చుట్లు) 1.4 దగ్గర మొదలెట్టి, గేజ్ మీద బూస్టు (బ్లోయర్ పెంచే ఒత్తిడి) 7–8 పీఎస్‌ఐ కనిపించేలా పుల్లీ మార్చుకుంటూ వెళ్లండి. 8 పీఎస్‌ఐకి 7.5 కంప్రెషన్ సుమారు 11.6తో సమానం, పెట్రోలుకి అది చాలు. కార్బురేటర్ బ్లోయర్‌కి పైన ఉంటే పెట్రోలు ఆవిరవుతూ గాలిని చల్లబరుస్తుంది. కాకపోతే అప్పుడు మ్యానిఫోల్డు నిండా మండే మిశ్రమమే. ఒక్క బ్యాక్‌ఫైర్ చాలు బ్లోయర్ పైకి ఎగరడానికి. బ్యాక్‌ఫైర్ వాల్వ్ తప్పనిసరి, పట్టీలు కూడా వేయండి.

చాలామంది ఆలోచించనిది బెల్టు లాగుడు. అదంతా పడేది పుల్లీ పక్కనున్న నాలుగో మెయిన్ బేరింగు మీద, ఈ ఇంజిన్‌లో అన్నిటికంటే చిన్న మెయిన్ బేరింగు అదే. బెల్టుని అవసరానికి మించి బిగించకండి. పుల్లీని పట్టి ఉంచే చిన్న ఉడ్‌రఫ్ కీ కూడా తెగుతుంది. పుల్లీకీ డోవెల్ వేయించుకోవాలి.

క్యామ్‌కి (వాల్వులని తెరిచే షాఫ్టుకి) లోబ్ సెంటర్ (ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ లోబ్‌ల మధ్య కోణం) 112 డిగ్రీలు గానీ ఎక్కువ గానీ ఉండాలి. తక్కువైతే రెండు వాల్వులూ కలిసి తెరుచుకునే వేళలో బూస్టు సైలెన్సర్‌లోంచి పోతుంది. క్రోమోలీ పుష్‌రాడ్లు ఇంజిన్‌తో పాటు సాగవు కాబట్టి, చల్లగా ఉన్నప్పుడు వాల్వ్ గ్యాప్ సున్నా దగ్గర, పుష్‌రాడ్ వేలితో తిరిగేంత వదులుగా ఉంచండి. ఫ్యాక్టరీ 0.15 మి.మీ. లెక్క దానికి వర్తించదు.

మొత్తం ఇగ్నిషన్ టైమింగు (పిస్టన్ పైకి చేరడానికి ఎంత ముందు నిప్పురవ్వ పడాలో) 22 డిగ్రీలతో మొదలెట్టి ప్లగ్గులు చూస్తూ ఒక్కో డిగ్రీ పెంచండి. ప్లగ్గులు స్టాక్ కంటే రెండు మూడు మెట్లు చల్లనివి. ఎన్‌జీకే కంపెనీ ప్లగ్గుల్లో అంకె పెరిగితే చల్లన, బాష్‌లో తగ్గితే చల్లన. ఇక్కడ పొరపడితే పిస్టన్ పోతుంది. తెల్లటి పింగాణీ మీద మిరియపు పొడిలా నల్లటి చుక్కలు కనిపిస్తే నాకింగ్ మొదలైనట్టు, టైమింగు వెంటనే దించాలి. గాలి-ఇంధన నిష్పత్తి పూర్తి త్రాటిల్‌లో 11.5 దగ్గర ఉంచండి.

స్టాక్ ఇంజిన్‌లో పట్టే నూనె 2.5 లీటర్లే. లాంచ్‌లో (కారు ఒక్కసారిగా బయల్దేరేటప్పుడు) అది వెనక్కి, అంటే పుల్లీ వైపుకి పారి పికప్ (పంపుకి నూనె లాగే గొట్టం) గాలి పీలుస్తుంది. కిందికి 1.5 లీటర్ల అదనపు సంప్ బిగించండి. రేసు కార్లలో ఫ్యాను తీసేయడం మామూలే. డ్రాగ్ రేసు అంటే నేరుగా పావు మైలు పరుగే, లోహంలోకి వేడి ఎక్కేలోపే పరుగు అయిపోతుంది కాబట్టి నడుస్తుంది. అలా చేస్తే ముగింపు గీత దాటగానే ఇంజిన్ ఆపి, కారుని తోలకుండా లాక్కురావాలి.

10 పీఎస్‌ఐ దాటాలంటే పెట్రోలు వదిలి మెథనాల్‌కి వెళ్తారు. ఘనపరిమాణంలో రెట్టింపుకి పైగా కావాలి, పంపూ జెట్లూ అన్నీ మార్చాలి. కల్తీసారాలో జనాన్ని చంపేది ఇదే, చేతులకి తగలనీయకండి. పగటి వెలుగులో దీని మంట కంటికి కనబడదు. మెగ్నీషియంనీ తినేస్తుంది. కాబట్టి రేసు రోజు అయ్యాక ఇంధన మార్గాన్ని ఖాళీ చేసి, ఇంజిన్‌ని కొద్దిసేపు పెట్రోలుతో నడిపి, పాలరంగుకి తిరిగిన నూనెని ఆ సాయంత్రమే దించేయాలి.